మన ఓటు అక్కర్లేని పార్టీలను నిలదీసేదెక్కడ?

2024 మే 9న సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి మదన్ బి. లోకూర్, ఢిల్లీ హైకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి ఎ.పి. షా, సీనియర్ సంపాదకుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీకి, రాహుల్ గాంధీకి ఒక లేఖ రాశారు. ఇద్దరూ ఒకే వేదిక మీదికి వచ్చి, దేశమంతా చూస్తుండగా చర్చించాలని కోరారు. రాహుల్ సరేనన్నారు. బీజేపీ తన యువమోర్చా నాయకుడిని పంపుతామంది. చివరికి చర్చ జరగలేదు. జరగలేదే అని బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు. పిలుపు ఇద్దరికే ఎందుకు వెళ్లిందని అడిగినవాళ్లు మాత్రం తక్కువ. లేఖ రాసినవారి సదుద్దేశాన్ని ఎవరూ శంకించనక్కర్లేదు. ప్రజాస్వామ్యం మీద బెంగతోనే వాళ్లు ఆ పని చేశారు. అంతటి పెద్దలకు కూడా ఆ జాబితా రెండు పేర్లతో పూర్తయినట్టు అనిపించిందంటే, అందుకు కారణం మన చదువుకున్న వర్గంలో బాగా పాతుకుపోయిన ఒక అభిప్రాయం. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చే చర్చలో ఒకే రాష్ట్రంలో పోటీ చేసే పార్టీకి చోటు అక్కర్లేదన్నదే ఆ అభిప్రాయం. అది తప్పని, ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది ఎక్కువగా ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలోని జగదల్‌పూర్ లాంటి ఊళ్లేనని నా వాదన.

ఆ అభిప్రాయం తీసిపారేయదగ్గదేమీ కాదు. దాని వెనుక ఆలోచన ఉంది. లోక్‌సభ ఎన్నిక అంటే కేంద్ర ప్రభుత్వాన్ని ఎన్నుకోవడం. పాతిక స్థానాలకు పోటీ చేసే పార్టీ నాయకుడు ప్రధాని కాబోడు. అలాంటప్పుడు విదేశాంగ విధానం గురించో, ద్రవ్యోల్బణం గురించో అతడు చెప్పేది విని భోపాల్ ఓటరు ఏం చేసుకోవాలి? నచ్చినా ఆ పార్టీకి ఓటు వేసే వీలు అతడికి లేదు, ఈవీఎం మీద ఆ గుర్తే ఉండదు. పైగా తెలుగు ఆత్మగౌరవమనో, తెలంగాణ అస్తిత్వమనో, తమిళ ఉనికనో ప్రాంతం పేరు మీద పుట్టిన పార్టీలు దేశం గురించి కాక తమ వాటా గురించే మాట్లాడతాయి. అందరినీ పిలిస్తే వేదిక సంతగా మారి, అసలు పోటీదారులను నిలదీసే సమయమే మిగలదు. రాష్ట్రాల సంగతులకు రాష్ట్రాల్లో చర్చలు ఉన్నాయి కదా. ఇదీ ఆ వాదన. ఇందులో ప్రతి మాటా వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ జగదల్‌పూర్ దగ్గర ఇంద్రావతి నది ఒడ్డున నిలబడి పరిశీలిస్తే ఒక్కటీ నిలవదు.

ముందు ప్రధాని పదవి సంగతి చూద్దాం. ఈ దేశంలో ఏ ఓటరూ ప్రధానికి ఓటు వేయడు. తన నియోజకవర్గంలో ఒక ఎంపీని ఎన్నుకుంటాడు. అలా వచ్చిన 543 మంది సభకు మంత్రిమండలి సమష్టిగా జవాబుదారీ అని రాజ్యాంగం 75వ అధికరణంలోని మూడో క్లాజు చెబుతుంది. కాబట్టి ప్రభుత్వం పుట్టేదీ పడేదీ ఆ సభలోనే. 1989 నుంచి 2024 దాకా పది లోక్‌సభ ఎన్నికలు జరిగితే, ఒకే పార్టీకి సొంతంగా మెజారిటీ దక్కింది 2014లో, 2019లో మాత్రమే. మిగతా ఎనిమిది సార్లలో ఎక్కువసార్లు ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది ఒకటి రెండు రాష్ట్రాల్లో మాత్రమే బలమున్న పార్టీల చేతిలోనే ఉంది. 2024లో బీజేపీకి వచ్చినవి 240. ఎన్డీఏకు 293. తెలుగుదేశం 16, జనతాదళ్ యునైటెడ్ 12 తీసేస్తే మిగిలేవి 265, మెజారిటీకి 272 కావాలి. ఇంకా వెనక్కి వెళితే 1984 ఉంది. ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీచిన ఆ ఎన్నికలో తెలుగుదేశానికి 30 స్థానాలు వచ్చాయి. లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ అదే. 1982 మార్చిలో పుట్టిన పార్టీకి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. అదే ఎన్నికలో బీజేపీ గెలిచినవి రెండు. ఆ రెండింటిలో ఒకటి, పి.వి. నరసింహారావును ఓడించిన హనుమకొండ, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఆనాడు జాతీయ పార్టీలకే పరిమితమైన చర్చ పెట్టి ఉంటే ఇద్దరు ఎంపీల పార్టీ లోపల, ముప్పై మంది ఎంపీల పార్టీ బయట ఉండేవి.

అది పాతకాలపు విడ్డూరమని సరిపెట్టుకోలేం. ఎన్నికల సంఘం 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ప్రకారం 2024లో జాతీయ హోదా ఉన్నవి ఆరు పార్టీలు. వాటిలో బహుజన్ సమాజ్ పార్టీకి, మేఘాలయ కేంద్రంగా నడిచే నేషనల్ పీపుల్స్ పార్టీకి ఆ ఎన్నికలో ఒక్క లోక్‌సభ స్థానం కూడా రాలేదు. జాతీయ హోదా లేని సమాజ్‌వాదీ పార్టీకి 37, తృణమూల్‌కు 29, డీఎంకేకు 22 వచ్చాయి. తృణమూల్ 2023 ఏప్రిల్ 10 దాకా జాతీయ పార్టీయే. ఆ రోజు ఎన్నికల సంఘం ఉత్తర్వుతో అది రాష్ట్ర పార్టీగా మారింది. ఆ మర్నాడు పార్లమెంటులో ఆ పార్టీ బలం తగ్గిందా, దేశ విధానాల మీద దాని ప్రభావం తగ్గిందా? గుర్తు ఎవరికి కేటాయించాలో తేల్చుకోవడానికి పెట్టుకున్న పాలనాపరమైన కొలత ఇది. దేశం గురించి మాట్లాడే అర్హతకు దీన్నే కొలతగా వాడడం మొదలైంది. అసలు పొరపాటు అక్కడే జరిగింది.

ఇప్పటిదాకా చెప్పినది అంకెల వాదన, ఎవరైనా చేయగలిగినదే. నా అసలు వాదన వేరే ఉంది. వేరే రాష్ట్రం ఓటరు ఆ పార్టీకి ఓటు వేయలేడు కాబట్టి దాని మాట అతడికి అక్కర్లేదంటున్నారు. ఓటు వేయలేడు కాబట్టే అతడికి అది మరింత అవసరమని నేనంటాను. తన ఓటు కావాల్సిన పార్టీని ఓటరు ఐదేళ్లకోసారి గుమ్మం దగ్గరే నిలదీయగలడు. తన ఓటుతో పనిలేకుండానే తన నీటిని, నేలను, రైలును నిర్ణయించే పార్టీని ఎక్కడ నిలదీయాలి? అతడి ఊరికి ఆ పార్టీ రాదు, సభ పెట్టదు, మేనిఫెస్టో పంచదు. దేశమంతా చూసే ఎన్నికల చర్చ ఒక్కటే ఆ ఇద్దరూ ఎదురుపడే చోటు. ప్రాంతీయ పార్టీని ఆ వేదిక మీదికి పిలవడం దానికి చేసే మర్యాద అనుకుంటున్నాం. ఆ పార్టీ తనకు ఓటు వేయనివాళ్ల ముందు జవాబు చెప్పుకోవాల్సి రావడమే ఆ పిలుపులో అసలు సంగతి. ఇప్పుడున్న పద్ధతిలో ప్రాంతీయ పార్టీలకు నష్టం జరుగుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటికి పెద్ద వెసులుబాటే దొరుకుతోంది. ఢిల్లీలో తమ బలం చూపించి పొరుగు రాష్ట్రాల బతుకులను తాకే నిర్ణయాలు తెచ్చుకోగలుగుతున్నాయి, ఆ పొరుగువాళ్లకు సంజాయిషీ ఇవ్వాల్సిన అవసరం మాత్రం రావడం లేదు.

జగదల్‌పూర్ చుట్టూ ఏముందో చూడండి. తూర్పున ఒడిశా ఉంది. అక్కడ 2000 నుంచి 2024 దాకా ఇరవై నాలుగేళ్లు బిజూ జనతాదళ్ పాలించింది. కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి ఆ రాష్ట్రం దాటి జగదల్‌పూర్‌కు వచ్చి, పడమరగా పోయి చిత్రకోట్ దగ్గర దూకుతుంది. ఎగువన ఇంద్రావతి జలాశయం నుంచి ఒడిశా ఆ నీటిని మహానది వైపు మళ్లించి కరెంటు తీస్తోంది. సరిహద్దు దగ్గర జోరా నాలా అనే వాగు మరికొంత నీటిని శబరి వైపు లాక్కుపోతోంది. సరిహద్దులో 45 టీఎంసీలు వదలాలని 1975లో, అప్పట్లో బస్తర్ భాగంగా ఉన్న మధ్యప్రదేశ్, ఒడిశా ఒప్పందం చేసుకున్నాయి. జోరా నాలా దగ్గర నీటిని పంచడానికి కట్టడమూ కట్టారు. అయినా ఎండాకాలం వచ్చేసరికి జగదల్‌పూర్ దగ్గర నదిలో ఇసుక తేలుతుంది, బస్తర్ రైతులు రోడ్డెక్కుతారు. 2019లో 12 మంది ఎంపీలున్న బిజూ జనతాదళ్ కేంద్రానికి కీలక బిల్లుల్లో బయటినుంచి మద్దతిచ్చింది. ఆ పార్టీ ఇంద్రావతి గురించి ఏమనుకుంటోందో, మద్దతుకు బదులుగా నదుల విషయంలో ఏమి కోరుతోందో బస్తర్ రైతు ఎన్నికల ముందు ఒక్కసారైనా దాని నోటి నుంచే వినగలిగాడా?

దక్షిణాన ముప్పైవ నంబరు జాతీయ రహదారి మీద సుక్మా దాటితే కోంటా, అది దాటితే తెలుగు రాష్ట్రాలే. శబరి ఒడ్డున ఉన్న కోంటా ప్రాంతంలో దోర్ల ఆదివాసీలు ఎక్కువ. వాళ్ల మాట సగం తెలుగే. గోదావరి మీద పోలవరం దగ్గర నీరు 150 అడుగుల పూర్తి మట్టం దాకా నిలిపితే, వరద రోజుల్లో శబరి వెనక్కి తన్ని కోంటా వైపు ఎక్కుతుందన్నది ఛత్తీస్‌గఢ్ ఏళ్ల తరబడి చెబుతున్న మాట. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వివాదం ఇది. 2014 విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఆ ఏడాదే ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రకు మార్చారు. 2024 జూలై బడ్జెట్‌లో పోలవరం పూర్తికి కేంద్రం మాటిచ్చింది, ఆగస్టులో 12,157 కోట్ల రూపాయలు ఆమోదించింది. పోలవరం తెలుగువాళ్ల చిరకాల స్వప్నం. అది పూర్తి కావాలనడంలో తప్పేమీ లేదు. కానీ ఈ నిర్ణయాల దారి చూడండి. బస్తర్ నియోజకవర్గం 2024 ఏప్రిల్ 19న ఓటు వేసింది. తెలుగుదేశం అప్పటికే మార్చిలో ఎన్డీఏలో చేరింది. అంటే కోంటాలో బీజేపీకి ఓటు వేసిన ప్రతి ఒక్కరూ తెలుగుదేశం కూడా భాగస్వామిగా ఉండబోయే ప్రభుత్వానికే ఓటు వేశారు. ఆ భాగస్వామి అడగబోయేది పోలవరమని ఆంధ్రలో చిన్నపిల్లాడికీ తెలుసు. కోంటాలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

నైరుతి దిక్కున తెలంగాణ ఉంది. 2005 జూన్‌లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక, ఊళ్లు తగలబడి, అటు మావోయిస్టులకు ఇటు బలగాలకు మధ్య నలిగి, వేలాది ఆదివాసీ కుటుంబాలు గోదావరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వెళ్లాయి. అక్కడ వాళ్లను గుత్తికోయలంటారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న చెప్పింది గానీ, పోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీకి పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి సాగులో ఉండాలి. ఆ ఏడాది జూన్ తర్వాత ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చినవాళ్లలో చాలామందికి ఆ తేదీ అందదు. 2014 నుంచి 2023 దాకా తెలంగాణను పాలించిన టీఆర్ఎస్, తర్వాతి బీఆర్ఎస్, పోడు భూముల మీద, హరితహారం మొక్కల మీద, ఈ వలస ఆదివాసీల మీద ఎన్నో నిర్ణయాలు చేసింది. వాటి బరువు మోసినవాళ్లు బస్తర్ బిడ్డలు. వాళ్లకు తెలంగాణలో గుర్తింపు లేదు, బస్తర్‌లో ఊరు లేదు. 2022లో దేశమంతటికీ పార్టీ అవుతామని పేరు మార్చుకున్న ఆ పార్టీని కూడా గుత్తికోయల గురించి దేశం ముందు ఎవరూ అడగలేదు. అడిగే వేదిక ఉంటే కదా.

ఇనుము సంగతి చూస్తే ఈ చిక్కుముడి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. బస్తర్‌లోని బైలాడిలా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస, కిరండుల్ లైను మీద విశాఖకు దిగుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత గనులు లేవు, అది ప్రభుత్వరంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ నుంచి కొనుక్కోవాలి. 2021 జనవరిలో ఆ కర్మాగారాన్ని అమ్మేయడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదించింది. 2025 జనవరిలో అదే కేంద్రం దాన్ని నిలబెట్టడానికి 11,440 కోట్లు ప్రకటించింది. తెలుగుదేశం దాన్ని తన విజయంగా చెప్పుకుంది, చెప్పుకోదగ్గదే. జగదల్‌పూర్ పక్కనే నగర్‌నార్‌లో ఎన్‌ఎండీసీ కట్టిన ఉక్కు కర్మాగారానికీ ఇదే కథ మొదలైంది. దాన్ని విడదీసి అమ్మడానికి 2020 అక్టోబర్‌లో మంత్రివర్గం ఒప్పుకుంది, 2023 అక్టోబర్ 3న ప్రధాని వచ్చి ప్రారంభించారు. రెండు కర్మాగారాలూ ఒకే ఉక్కు శాఖ కింద ఉన్నాయి, రెండింటికీ ఖనిజం ఒకే కొండల్లోది. ఒకదాని తరఫున కేంద్రంలో పదహారు మంది ఎంపీల పార్టీ ఉంది. రెండోదాని తరఫున ఆందోళన చేసే కార్మికులు ఉన్నారు. రైల్వే జోన్ సంగతీ అంతే. విశాఖ కేంద్రంగా జోన్ కావాలన్నది విభజన నాటి నుంచి ఆంధ్ర కోరిక. 2025 ఫిబ్రవరిలో మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను విడగొట్టి, కొత్తవలస నుంచి బచేలి దాకా ఉన్న భాగాన్ని ఒడిశాలోని రాయగడ డివిజన్‌లో పెట్టింది. జగదల్‌పూర్ స్టేషన్ ఆ భాగంలోనే ఉంది. ఈ మార్పు మంచిదే కావచ్చు. విశాఖ ఏమడుగుతోంది, భువనేశ్వర్ ఏమడుగుతోంది అన్న చర్చ తమ మీదుగా సాగుతున్నప్పుడు దాన్ని వినే అవకాశం జగదల్‌పూర్‌కు ఉండాల్సింది.

ఇవన్నీ రాష్ట్రాల తగాదాలు, రాష్ట్ర స్థాయిలో చర్చించుకోవాలి అనేవాళ్లకు జవాబు ఈ పేరాల్లోనే ఉంది. రెండు రాష్ట్రాల మధ్య పారే నది ఏ రాష్ట్ర చర్చకూ చెందదు. ఆంధ్ర స్టూడియోలో పోలవరం మీద గంటల కొద్దీ వాదన జరుగుతుంది. ఏ పార్టీ ఎంత ఆలస్యం చేసింది, ఎవరు ఎక్కువ నిధులు తెచ్చారు అన్నదే అక్కడ వాదన. కోంటా పేరు అక్కడ రాదు, రావాల్సిన అవసరం ఆ పార్టీల్లో ఎవరికీ లేదు. రాయ్‌పూర్ స్టూడియోలో కోంటా పేరు రావచ్చు, తెలుగుదేశం అక్కడ ఉండదు. అంతర్రాష్ట్ర నదులు, రైల్వేలు, కేంద్ర బలగాలు, పెద్ద ఖనిజాలు అన్నీ పార్లమెంటు చేతిలో ఉన్నవే. ఆ పార్లమెంటులో ఓటు వేసే పార్టీలను ఆ పార్లమెంటుకు జరిగే ఎన్నికలో ప్రశ్నించకూడదనడానికి నాకైతే ఒక్క కారణమూ కనబడదు. 2018 జూలై 20న మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాసం ప్రవేశపెట్టింది తెలుగుదేశమే. ప్రత్యేక హోదా మీద ఆ పార్టీ ఎంపీలు మొదలుపెట్టిన చర్చను దేశమంతా టీవీల్లో చూసింది. తీర్మానం 126కు 325తో వీగిపోయింది, అది వేరే సంగతి. కేంద్ర ప్రభుత్వం మీద అవిశ్వాస చర్చ నడపగలిగిన పార్టీకి దేశం గురించిన ఎన్నికల చర్చలో కూర్చునే అర్హత ఎలా లేకుండా పోతుంది?

ఈ పార్టీలకూ వేరే రాష్ట్రాల ఓటర్లకూ మధ్య మన ప్రభుత్వ ప్రసార పథకమే గోడ కట్టింది. 1998 జనవరి 16 నాటి ఉత్తర్వుతో గుర్తింపు పొందిన పార్టీలకు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో ఉచిత సమయం ఇస్తున్నారు. లోక్‌సభ ఎన్నికల్లో జాతీయ పార్టీలన్నింటికీ కలిపి జాతీయ ఛానెల్‌లో పది గంటలు, ప్రాంతీయ కేంద్రాల్లో పదిహేను గంటలు. రాష్ట్ర పార్టీలన్నింటికీ కలిపి ముప్పై గంటలు, అవి వాటి వాటి ప్రాంతీయ కేంద్రాల్లోనే. గంటల లెక్కలో రాష్ట్ర పార్టీలకు లోటు లేదు. లోటు వినేవాళ్లకే. తెలుగుదేశం మాట విజయవాడ కేంద్రంలో వస్తుంది, అంటే ఆ మాట ఇదివరకే నూరుసార్లు విన్నవాళ్లకే మళ్లీ చేరుతుంది. బిజూ జనతాదళ్ మాట భువనేశ్వర్‌లోనే ఆగిపోతుంది. ఎవరికి తెలియదో వాళ్లకు చేరకుండా చూడడమే ఈ ఏర్పాటు చేస్తున్న పని. ప్రైవేటు ఛానెళ్లలోనూ పార్టీలకు న్యాయమైన వాటా దక్కాలని 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 39ఎ సెక్షన్ చేర్చారు. అది కాగితం మీదే మిగిలిపోయింది. ఢిల్లీ స్టూడియోల్లో బస్తర్ అంటే ఒకటే విషయం, మావోయిస్టులు. వాళ్లను అంతం చేసే గడువు ఎంత, ఎన్‌కౌంటర్‌లో ఎందరు పోయారు అన్నదే చర్చ. నది, ఇనుము, వలస ఆ చర్చలోకి రావు. వాటిని తీసుకురాగలిగిన పార్టీలు ఆ బల్ల దగ్గర లేవు.

దేశ సమైక్యత గురించిన భయానికి గౌరవంగానే జవాబు చెప్పాలి. ప్రాంతం పేరు మీద పుట్టిన పార్టీకి జాతీయ వేదిక ఇస్తే విభజన మాటలకు బలం వస్తుందని అంటారు. ఈ దేశంలో రిజిస్టర్ అయ్యే ప్రతి పార్టీ దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు కట్టుబడతానని ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద రాసివ్వాలి. తెలుగుదేశం నుంచి వచ్చిన జి.ఎం.సి. బాలయోగి 1998 నుంచి 2002లో కన్నుమూసేదాకా లోక్‌సభ స్పీకర్. అయినా పోల్చాలంటే మనకంటే కఠినమైన ఉదాహరణనే తీసుకుందాం. కెనడాలో బ్లాక్ కెబెక్వా అనే పార్టీ కెబెక్‌లో తప్ప ఇంకెక్కడా పోటీ చేయదు, కెబెక్ వేరే దేశం కావాలన్నదే దాని లక్ష్యం. 1993లో అది 54 స్థానాలు గెలిచి అధికారిక ప్రతిపక్షమైంది. ఆ ఎన్నిక నుంచే దాని నాయకుడిని ఫ్రెంచి చర్చకే కాదు, ఇంగ్లీషు చర్చకూ పిలుస్తున్నారు. తనకు ఒక్క ఓటూ వేయలేని కోట్లమంది ముందు అతడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ముప్పై ఏళ్లు దాటింది, కెనడా చీలిపోలేదు. దేశం నుంచి విడిపోతామనే పార్టీనే ఎదుట కూర్చోబెట్టుకుని ప్రశ్నించగలిగినప్పుడు, తన రాష్ట్రానికి పోలవరమో విశాఖ ఉక్కో కావాలనే పార్టీని చూసి మనకెందుకు భయం?

వేదిక కిక్కిరిసిపోతుందన్న మాటలో నిజముంది. గుర్తింపు ఉన్న రాష్ట్ర పార్టీలే యాభైకి పైగా ఉన్నాయి. బ్రిటన్‌లోనూ ఇదే భయంతో 2010 చర్చలు మూడు పార్టీలకే పరిమితం చేశారు. స్కాటిష్ నేషనల్ పార్టీ ఎడిన్‌బరోలో కోర్టుకెళ్లినా లాభం లేకపోయింది. 2015 ఏప్రిల్‌లో ఏడుగురు నాయకులతో చర్చ పెట్టారు, స్కాట్లండ్, వేల్స్ పార్టీలు వచ్చాయి, ఆకాశం విరిగిపడలేదు. నెల తిరగ్గానే స్కాట్లండ్‌లోని 59 స్థానాల్లో 56 ఆ పార్టీవే. మనకు ఏడుగురితో సరిపోదు, నిజమే. పాత లోక్‌సభలో ఎన్ని సీట్లున్నాయన్న ఒక్క లెక్కతో వడకట్టడం కూడా కుదరదు. 2019లో తెలుగుదేశానికి మూడే సీట్లు, ఆ లెక్కన 2024లో దాన్ని పిలిచేవాళ్లు కారు. తన రాష్ట్రంలో గత అసెంబ్లీ లేదా లోక్‌సభ ఎన్నికలో పోలైన ఓట్లలో నాలుగో వంతు తెచ్చుకున్న పార్టీ అన్నది ఇంతకంటే న్యాయమైన కొలత. అప్పుడు జాబితా బాగా తగ్గుతుంది. అందరినీ ఒకేసారి నిలబెట్టాల్సిన పనీ లేదు. నదుల మీద ఒక చర్చ, గనులు, అడవుల మీద ఒకటి, కేంద్ర నిధుల వాటాల మీద ఒకటి పెట్టి, ఆ విషయంతో సంబంధం ఉన్న రాష్ట్రాల పార్టీలను జాతీయ పార్టీల పక్కన కూర్చోబెడితే చాలు. ప్రధాని పదవికి పోటీ పడేవాళ్ల ముఖాముఖి కావాలంటే అదీ వేరుగా పెట్టుకోవచ్చు. దాన్ని ఎవరూ అడ్డుకోవడం లేదు.

ఒక ప్రశ్న మిగులుతుంది. బస్తర్‌కే సొంత ప్రాంతీయ పార్టీ బలంగా లేదు కదా, ఈ వాదనలో బస్తర్‌కు ఒరిగేదేమిటి? 1952లో జరిగిన తొలి ఎన్నిక నుంచి 1971 దాకా ఐదు ఎన్నికల్లో నాలుగుసార్లు బస్తర్ లోక్‌సభ స్థానం ఇండిపెండెంట్లకు దక్కింది. ఒక్క 1957లోనే కాంగ్రెస్ గెలిచింది. 1996లో మళ్లీ మహేంద్ర కర్మ ఇండిపెండెంటుగా గెలిచారు. ఢిల్లీ పార్టీల మీద ఈ నేలకు మొదటినుంచీ ఉన్న అపనమ్మకం అది. ఆ తర్వాత రెండు పార్టీల మధ్యే సీటు చేతులు మారుతోంది. 2018లో అజిత్ జోగి పార్టీ రాష్ట్రంలో ఐదు అసెంబ్లీ స్థానాలు గెలిచి, ఆపైన కరిగిపోయింది. సర్వ ఆదివాసీ సమాజ్ 2023లో హమర్ రాజ్ పార్టీ పెట్టింది, గోండ్వానా గణతంత్ర పార్టీ 1991 నుంచి ఉంది. నేను చెప్పిన కొలతలో ఇవేవీ వేదిక ఎక్కవు. ఇది నా ప్రతిపాదనలోని లోటే, కాదనను. అయితే ఆ లోటును పూడ్చే దారి ప్రశ్నలు అడిగేవాళ్లలో ఉంది. నదుల చర్చ అయితే ఆ నది పారే ఊళ్లవాళ్లు ప్రశ్నలు వేయాలి, ఢిల్లీ యాంకర్లు కాదు. అప్పుడు పార్టీ లేని ప్రాంతానికి కూడా నోరుంటుంది.

ఇందుకు కొత్త చట్టం చేయనక్కర్లేదు. ఉచిత ప్రసారాల పథకంలోనే ప్రసార భారతి పార్టీల ప్రతినిధులతో నాలుగు దాకా చర్చలు పెట్టే వీలుంది, అర్హత ఉన్న ప్రతి పార్టీ ఒకరిని పంపవచ్చు. 2029 ఎన్నికలకు ముందు ఆ నాలుగింటిలో ఒకటి గోదావరి పరీవాహక ప్రాంతానికి కేటాయించి, బీజేపీ, కాంగ్రెస్‌లతో పాటు తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, బీఆర్ఎస్, బిజూ జనతాదళ్‌లను పిలిచి, జాతీయ ఛానెల్‌లోనే ప్రసారం చేయాలని ఎన్నికల సంఘం ఆదేశించవచ్చు. హల్బీలో, గోండీలో కార్యక్రమాలు చేసే ఆకాశవాణి జగదల్‌పూర్ కేంద్రం దాన్ని ఆ భాషల్లో వినిపించగలదు. మొదటి ప్రశ్న కోంటా నుంచి రావాలి. పోలవరంలో పూర్తి మట్టం దాకా నీరు నిలిపి, గోదావరికి పెద్ద వరద వచ్చిన రోజున శబరి కోంటాలో ఏ ఇంటి గడప దాకా ఎక్కుతుంది, ఆ ఇంటికి పరిహారం ఏ ప్రభుత్వం ఇస్తుంది? విభజన తర్వాత ఆంధ్రను ఏలిన రెండు పార్టీలూ దీనికి అంకెలతో జవాబు చెప్పాలి.